బిల్లు కట్టేశాం కదా అని వదిలేయకు

కిరణ్,

మీ నాన్న కార్యక్రమాలు అయిపోయినప్పటి నుంచి ఆ నర్సింగ్ హోమ్ బిల్లుల కట్ట ముందేసుకుని కూర్చుంటున్నావనీ, వారానికోసారి కౌంటర్ దగ్గరికెళ్ళి గొడవపడి వస్తున్నావనీ అమ్మ చెప్పింది. ఫోన్‌లో చెప్తే సగం గుర్తుండదు, అందుకే రాస్తున్నాను నాన్నా. ఏజీ (అకౌంటెంట్ జనరల్) ఆఫీసులో ఉద్యోగమంతా వోచర్లు తనిఖీ చేయడంలోనే గడిచింది, రిటైరయ్యాక మా కాలనీలో ఎవరింట్లో ఆసుపత్రి బిల్లులో తేడా వచ్చినా కాగితాలు నా ముందుకే వస్తున్నాయి, కాబట్టి ఈ విషయంలో నా మాట విను.

ముందు ఆ కౌంటర్‌కి వెళ్ళడం మానెయ్. అక్కడ కూర్చున్న పిల్ల జీతం పదిహేను, పదహారు వేలు ఉంటుందేమో, నీకు ఒక్క రూపాయి తగ్గించే అధికారం ఆమెకు లేదు. ఆ నర్సింగ్ హోమ్ నడవడానికి రిజిస్ట్రేషన్ ఇచ్చింది ప్రభుత్వం. రేట్ల బోర్డు పెట్టారో లేదో చూడాల్సిందీ, పెట్టకపోతే నోటీసు ఇవ్వాల్సిందీ ప్రభుత్వమే. నువ్వు జవాబు అడగాల్సింది అక్కడ, అదీ రాతపూర్వకంగా.

ఇప్పుడు చట్టం సంగతి. 2010లో వచ్చిన క్లినికల్ ఎస్టాబ్లిష్‌మెంట్స్ చట్టం మన తెలంగాణలోనూ అమల్లో ఉంది. దాని కింద ప్రతి జిల్లాలో ఒక రిజిస్టరింగ్ అథారిటీ ఉంటుంది, దానికి కలెక్టర్ అధ్యక్షుడు, జిల్లా వైద్యాధికారి (డీఎంహెచ్‌ఓ) కన్వీనర్. అందుకే అర్జీ డీఎంహెచ్‌ఓ ఒక్కరికే రాయకు, పైన కలెక్టర్ గారి పేరు కూడా పెట్టు. ఇంకో సంగతి, హైదరాబాద్ అనగానే అంతా ఒకే జిల్లా అనుకుని జనం తప్పు ఆఫీసుకి వెళ్తుంటారు. మీ ఇల్లు మలక్‌పేటలో కాబట్టి మీరు హైదరాబాద్ జిల్లా, కానీ ఆ నర్సింగ్ హోమ్ ఎల్బీనగర్‌లో ఉంది, అది రంగారెడ్డి జిల్లా, అంటే నీ అర్జీ కొంగరకలాన్ కలెక్టరేట్‌లో సోమవారం అర్జీలు తీసుకునే ప్రజావాణిలో ఇవ్వాలి. అదే కూకట్‌పల్లి అయ్యుంటే మేడ్చల్ వాళ్ళ దగ్గరికి వెళ్ళాల్సి వచ్చేది. దూరమని ఎవరి చేతో పంపకు, నువ్వే వెళ్ళి రసీదు నంబరు తెచ్చుకో.

అర్జీ కంటే ముందు కేస్ షీట్ కావాలి. డిశ్చార్జి సమ్మరీ ఇచ్చాం కదా అంటారు, అది చాలదు. డాక్టర్ నోట్స్, నర్సుల చార్టు, మందుల చార్టు, ల్యాబ్ రిపోర్టులు, ఐసీయూ మానిటరింగ్ షీట్లు, అన్నీ అడుగు. రికార్డులు అడిగిన 72 గంటల్లో ఇవ్వాలని 2002 నుంచీ వైద్యుల నియమావళిలో ఉంది. అడిగే లేఖ రెండు కాపీలు తీసుకెళ్ళి ఒకదాని మీద ముద్ర, తేదీ వేయించుకో. ముద్ర వేయం అంటే అదే లేఖ స్పీడ్ పోస్టులో పంపి డెలివరీ రిపోర్టు ప్రింట్ తీసిపెట్టుకో. అడిగిన తేదీకి రుజువు ఉందంటే, వాళ్ళు ఇవ్వకపోయినా ఆ ఇవ్వకపోవడమే నీకు సాక్ష్యం అవుతుంది.

కేస్ షీట్ చేతికొచ్చాక బిల్లు పక్కన పెట్టుకుని కూర్చో. తొందరపడకు, రోజుకి రెండు మూడు పేజీలు చాలు. ఒక్కో తేదీకి ఒక్కో కాగితం పెట్టుకుని ఎడమవైపు బిల్లులో ఏముందో, కుడివైపు నర్సు చార్టులో ఏముందో రాసుకుంటూ పో. ఎక్కడ చూడాలో చెప్తాను. రాత్రి పదకొండుకి చేర్చుకుంటే ఆ గంటకి పూర్తి రోజు బెడ్ ఛార్జి వేశారా, ఐసీయూ నుంచి వార్డుకి మార్చిన రోజు రెండు చోట్లా వేశారా చూడు. ఐసీయూ ఛార్జి అని ఒకటి తీసుకుని మళ్ళీ మానిటర్ ఛార్జి, నర్సింగ్ ఛార్జి, ఆర్ఎంఓ (డ్యూటీ డాక్టర్) ఛార్జి విడివిడిగా వేశారేమో చూడు. పెద్ద డాక్టర్ రోజుకి రెండుసార్లు చూసినట్టు బిల్లులో ఉంటుంది, కేస్ షీట్‌లో ఆయన సంతకం ఒక్కసారే ఉంటుంది, కొన్ని రోజులు అదీ ఉండదు. ఆక్సిజన్ ఎన్ని గంటలు పెట్టారో చార్టులో ఉంటుంది, బిల్లులో మాత్రం ఇరవై నాలుగు గంటలూ అని ఉంటుంది. రక్తంలో వాయువుల పరీక్ష రోజుకి ఎన్నిసార్లు రాశారో లెక్కపెట్టి అన్ని రిపోర్టులు నీ చేతిలో ఉన్నాయా చూడు, రిపోర్టు లేని పరీక్షకి డబ్బు ఎందుకిచ్చామని నిలదీసి అడగొచ్చు.

ఫార్మసీ బిల్లు మాత్రం నువ్వే దగ్గరుండి చూడు, అమ్మకి వదిలేయకు. డబ్బు ఎక్కువగా పోయేది అక్కడే. తెచ్చిన ఇంజెక్షన్లు ఎన్ని, చార్టులో ఎక్కించినట్టు రాసినవి ఎన్ని, మిగిలినవి వాపసు ఇచ్చినట్టు బిల్లులో తగ్గించారా? గ్లౌజులు ఒక్క రోజులో ఎన్ని డబ్బాలు వాడినట్టు రాశారు? మీ నాన్న పోయిన రోజు మధ్యాహ్నం తర్వాత మందులు ఏమైనా కొన్నట్టు ఉందా? ఇలాంటివి నేను చాలా బిల్లుల్లో చూశాను, అందుకే అడుగుతున్నాను. ఇక స్టెంట్ వేశారు కాబట్టి దాని స్టిక్కర్ అడుగు. స్టెంట్‌లకు 2017 ఫిబ్రవరి నుంచి కేంద్రం గరిష్ఠ ధర పెట్టింది, బిల్లులో దాని ధర, కంపెనీ పేరు, బ్యాచ్ నంబరు విడిగా చూపించాలి. అన్నీ కలిపి ప్యాకేజీ అని ఒక్క అంకె వేస్తే ఒప్పుకోకు.

మీరు కట్టిన డబ్బు లెక్క కూడా తీయ్. ఫోన్‌పేలో కట్టినవి బ్యాంకు స్టేట్‌మెంట్‌లో వస్తాయి. నగదుగా ఇచ్చినవాటికి రసీదులు ఉన్నాయో లేవో చూడు, లేకపోతే ఆ రోజు ఏటీఎంలో ఎంత తీశావో, బాబాయి ఎంత పంపాడో అదే ఆధారం.

ఒక మాట స్పష్టంగా చెప్తాను, ఇది నీకు నచ్చకపోవచ్చు. ‘ఆరున్నర లక్షలు తీసుకున్నారు, దోచుకున్నారు’ అని రాస్తే అర్జీ నిలబడదు. ఏ చికిత్సకు ఎంత తీసుకోవాలో మామూలు రోజుల్లో ప్రైవేటు ఆసుపత్రులకు ప్రభుత్వం పరిమితి పెట్టలేదు. పెట్టాలని 2012 కేంద్ర నిబంధనల్లోనే ఉంది, ఎందుకు పెట్టలేదని 2024 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు గట్టిగా అడిగింది కూడా. పెట్టడం చేతకాదా అంటే అదేం కాదు, కోవిడ్ వచ్చిన 2020 జూన్‌లో మన రాష్ట్రమే జీవో 248 ఇచ్చి వార్డుకి రోజుకి 4,000, ఐసీయూకి 7,500, వెంటిలేటర్ ఉంటే 9,000 అని ఖరారు చేసింది, ఎక్కువ గుంజిన కొన్ని ఆసుపత్రులకు కోవిడ్ చికిత్స అనుమతి తీసేసింది. ఆ పట్టుదల తర్వాత ఏమైందని నాకు ఇప్పటికీ కోపంగా ఉంటుంది. కానీ ఆ కోపంతో నీ అర్జీ రాయకు. నువ్వు అడగాల్సినవి వేరు: రేట్లు తెలుగులోనూ ఇంగ్లిషులోనూ అందరికీ కనపడేచోట బోర్డు పెట్టాలని ఆ నిబంధనల్లోనే ఉంది, బోర్డు ఉందా? ఉంటే బోర్డు మీది రేటుకీ మా బిల్లుకీ తేడా ఎందుకు? చేయని పనికి డబ్బు ఎందుకు తీసుకున్నారు? ఈ మూడింటికే కట్టుబడు.

చివరి లక్షా ఎనభై వేలు కడితే గానీ మీ నాన్నని ఇవ్వం అన్నారు కదా. అది తప్పకుండా రాయి, ఎన్ని గంటలకు అడిగారు, ఎవరు చెప్పారు, డబ్బు ఎప్పుడు కట్టారు, శరీరం ఎప్పుడు ఇచ్చారు, అన్నీ. డబ్బు తగువు పేరుతో మృతదేహాన్ని ఆపకూడదని జాతీయ మానవ హక్కుల సంఘం తయారుచేసిన రోగుల హక్కుల పత్రంలో ఉంది, దాన్ని కేంద్ర ఆరోగ్య శాఖ 2019లో రాష్ట్రాలన్నిటికీ పంపింది. మార్చురీ బయట నిలబడి అమ్మ గాజులు తీసి చేతికిచ్చిందని విన్నప్పుడు నాకు ఆ రోజంతా అన్నం సహించలేదు.

అర్జీ ఇచ్చి నెల దాటినా ఉలుకూ పలుకూ లేకపోతే డీఎంహెచ్‌ఓ ఆఫీసుకి సమాచార హక్కు దరఖాస్తు పెట్టు. పది రూపాయలు, ముప్పై రోజుల్లో జవాబు రావాలి. ఎందుకు చర్య తీసుకోలేదు అని అడగకు, కాగితాలు అడుగు: ఆ నర్సింగ్ హోమ్ రిజిస్ట్రేషన్ కాపీ, గత తనిఖీ నివేదికలు, నా ఫలానా నంబరు అర్జీ ఫైలులో నోట్‌షీట్ కాపీలు. నోట్‌షీట్ అన్న మాట మర్చిపోకు. ఫైలు ఎవరి బల్ల మీద ఎన్ని రోజులు పడి ఉందో అందులో తేలిపోతుంది. నేను చూసినంతవరకు ఈ దరఖాస్తు పడ్డాకే చాలా ఫైళ్ళు కదిలాయి. రాకపోతే అప్పీలు వెయ్. మంగళ, శుక్రవారాల్లో బేగంపేట ప్రజాభవన్‌లో కూడా అర్జీ ఇవ్వొచ్చు, కానీ అక్కడ ఇచ్చింది తిరిగి ఇదే ఆఫీసుకి వస్తుంది, అందుకని పాత రసీదు నంబరు దాని మీద రాయి.

ఇంత చేసినా డీఎంహెచ్‌ఓ మీకు డబ్బు ఇప్పించలేరు, ఇది ముందే తెలుసుకో. ఆ చట్టం కింద పడే జరిమానా ప్రభుత్వానికే పోతుంది, కుటుంబానికి పైసా రాదు. మరి ఎందుకు ఈ తిరుగుడంతా అంటావా, ఒక ప్రభుత్వాధికారి తనిఖీ చేసి ‘రేట్ల బోర్డు లేదు, బిల్లుకీ రికార్డుకీ పొంతన లేదు’ అని రాసిన కాగితం వినియోగదారుల కమిషన్‌లో నీ మాట కంటే బరువుగా ఉంటుంది. పశ్చిమ బెంగాల్‌లో 2017లో ఒక కమిషన్ పెట్టారు, ఎక్కువ తీసుకున్నది తిరిగివ్వమని ఆ కమిషనే ఆసుపత్రిని ఆదేశిస్తుంది. అలాంటిది ఇక్కడా ఎందుకు పెట్టరని మీ ఎమ్మెల్యేని అడుగు, నేను మా ఎమ్మెల్యేకి రాశాను. మన లత కూతురు ఐర్లాండ్‌లో, డబ్లిన్‌లో నర్సు కదా, అక్కడి సంగతి చెప్పింది. వృద్ధుల సంరక్షణకి చట్టంలో లేని ఛార్జీలు ప్రభుత్వమే ఏళ్ళ తరబడి వసూలు చేసిందట, 2005లో వాళ్ళ సుప్రీంకోర్టు తప్పని తేల్చాక 2006లో చట్టం చేసి డబ్బు వెనక్కిచ్చారు, చనిపోయిన వాళ్ళ వారసులకు కూడా. ఇక్కడ ఎవరికి వాళ్ళం తిరగాల్సి వస్తోంది.

వినియోగదారుల కమిషన్‌లో కేసు వేయడానికి గడువు రెండేళ్ళు. నువ్వు హైదరాబాద్ జిల్లాలో ఉంటున్నావు కాబట్టి ఇక్కడి జిల్లా కమిషన్‌లోనే వేయొచ్చు, వాళ్ళుండే చోటికి పోనక్కర్లేదు. కట్టిన మొత్తం ఐదు లక్షల లోపైతే ఫీజే లేదు, మీది దాటింది కనుక 200 రూపాయలు. వారసులుగా అమ్మా, నువ్వూ, చెల్లీ ముగ్గురూ సంతకం చేయాలి. ఆన్‌లైన్‌లో ఈ-జాగృతి పోర్టల్‌లో వేయొచ్చు, లాయర్ తప్పనిసరి కాదు, అయినా వాదనల రోజుకి ఒకరిని పెట్టుకోవడం మంచిదని నా అభిప్రాయం. ఎక్కువ తీసుకున్న డబ్బు వడ్డీతో సహా, మానసిక వేదనకి పరిహారం, ఖర్చులు, మూడూ విడివిడిగా అడుగు.

చికిత్సే సరిగ్గా చేయలేదేమో అన్న అనుమానం నీకుందని తెలుసు. దాన్ని ఇందులో కలపకు. దానికి వేరే డాక్టర్ అభిప్రాయం కావాలి, ఏళ్ళు పడుతుంది. నిమ్స్‌లో 1990లో ఒక ఇంజినీరింగ్ విద్యార్థికి పరీక్ష కోసం కణితిలోంచి ముక్క తీస్తామని అనుమతి తీసుకుని కణితి మొత్తం తీసేశారు, నడుము కింద చచ్చుబడిపోయింది. సుప్రీంకోర్టు కోటి రూపాయల పరిహారం ఇచ్చేసరికి 2009 వచ్చింది. కేస్ షీట్ నాకు తెలిసిన ఒక ఫిజీషియన్‌కి చూపిద్దాం, ఆయన ఏమైనా ఉందంటే అప్పుడు వేరుగా ఆలోచిద్దాం.

కమిషన్ నోటీసు అందగానే ఆ నర్సింగ్ హోమ్ మేనేజర్ ఫోన్ చేస్తాడు. యాభై వేలు ఇస్తాం, వచ్చి సంతకం పెట్టండి అంటాడు. అమ్మ ఒంటరిగా ఉన్నప్పుడు ఇంటికి వచ్చినా ఆశ్చర్యపోను, ఏ కాగితం మీదా సంతకం పెట్టొద్దని ఆమెకి ఇప్పుడే చెప్పు. ఇచ్చేది ఏ పద్దు కింద ఎంతో రాసి, చెక్కు రూపంలో ఇస్తే ఆలోచించొచ్చు, కానీ కలెక్టర్ దగ్గరిచ్చిన అర్జీ వెనక్కి తీసుకోవాలన్న షరతు ఉంటే మాత్రం వద్దు.

కేస్ షీట్ కోసం లేఖ నేను రాసి వాట్సాప్‌లో పెట్టాను, పేర్లూ ఐపీ (ఇన్‌పేషెంట్) నంబరూ నింపి రేపే ఇచ్చేసి రా. ఆదివారం బిల్లులన్నీ, ఫార్మసీ చీటీలతో సహా, పట్టుకుని సైదాబాద్ వచ్చెయ్. చెల్లిని కూడా తీసుకురా, ఎక్సెల్ తనకి బాగా వచ్చు.

మీ పెద్దమ్మ