హిమోగ్లోబిన్ తగ్గిందని బెంగపడుతున్న అమ్మాయికి

చిరంజీవి అమ్మడూ,

నీ మెసేజ్ చూశాను. హిమోగ్లోబిన్ 13.4 నుంచి 12.3కి పడిందని రాత్రంతా నిద్రపోలేదట. మారథాన్ ట్రైనింగ్ మొదలుపెట్టి నీకు ఆరు వారాలయింది కదా, ముందు ఆ సంగతి గుర్తుపెట్టుకో.

ల్యాబ్‌లో రక్తం ట్యూబును గిర్రున తిప్పి ఆపితే అడుగున ఎర్రకణాలు పేరుకుంటాయి, పైన గడ్డిరంగు ద్రవం తేరుకుంటుంది. అదే ప్లాస్మా. పరుగు పెంచినప్పుడు మొదట పెరిగేది అదే. కణాలు అన్నే ఉన్నా రక్తం పలచబడి అంకె దిగుతుంది. నీకు జరిగింది బహుశా ఇదే. చెమటోడ్చి నీళ్లు తాగకుండా పరీక్షకు వెళ్తే అదే అంకె ఎక్కువ చూపిస్తుంది. ఎత్తైన కొండల్లో క్యాంపుకెళ్తే ప్లాస్మా తగ్గి మొదటి రెండు మూడు రోజుల్లోనే అంకె పెరుగుతుంది, కొత్త కణాలు ఇంకా తయారు కాకుండానే!

నా పరుగు రోజుల్లో ఇవేవీ తెలియక ఒక్క రిపోర్టు పట్టుకుని, ఫెర్రిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ ఎంతుందో చెప్పే రక్తపరీక్ష) చూడకుండానే మూడు నెలలు ఐరన్ మాత్రలు మింగాను. కడుపు మంట తప్ప ఒరిగిందేమీ లేదు. ఎక్కువైన ఐరన్‌ను బయటికి పంపే ఏర్పాటు శరీరానికి లేదమ్మా. అందుకే డాక్టర్ చెప్పకుండా మొదలుపెట్టకు.

ఫిన్‌లాండ్ స్కీయర్ ఏరో మాంటిరాంటా 1964 ఒలింపిక్స్‌లో రెండు వ్యక్తిగత స్వర్ణాలు గెలిచాడు. ఆయన హిమోగ్లోబిన్ 20 దాటి ఉండేది. రక్తం ఎక్కించుకున్నాడని అనుమానించారు. చివరికి 1993లో తేలిందేమిటంటే, ఎర్రకణాలు ఎక్కువగా తయారయ్యే జన్యు మార్పు ఆ కుటుంబంలోనే పుట్టుకతో ఉంది. అందరికీ ఒకే గీత గీస్తే ఇలాంటి మనిషి ఎక్కడికి పోవాలి? సైక్లింగ్‌లో 1997లో హిమాటోక్రిట్ (రక్తంలో ఎర్రకణాల వాటా) మగవాళ్లకు 50 శాతం దాటకూడదని గీత గీశారు. తర్వాత డోపింగ్ పట్టుకోవడానికి వచ్చిన బయలాజికల్ పాస్‌పోర్ట్ అనే రక్తపరీక్షల రికార్డు మాత్రం ఆటగాడి రక్తాన్ని అతని పాత రక్తంతోనే పోలుస్తుంది. నాకు నచ్చిన పద్ధతి ఇదే, నీకూ ఇదే చెబుతాను.

ఒక నోటుబుక్ పెట్టుకో. ఎప్పుడూ ఒకే ల్యాబ్, పొద్దున్నే, ముందురోజు కష్టమైన పరుగు లేకుండా. పాస్‌పోర్ట్ పరీక్షలో రక్తం తీసేముందు పది నిమిషాలు కూర్చోబెడతారు, పరుగు అయిన వెంటనే తీయకుండా కొంతసేపు ఆగుతారు. నువ్వూ అలాగే చెయ్యి. నిలబడి ఉంటేనే ప్లాస్మా కొంత తగ్గి అంకె మారిపోతుంది. అంకె పక్కన ఆ వారం ఎన్ని కిలోమీటర్లు పరిగెత్తావో, నెలసరి ఏ రోజో, జలుబు ఉందో లేదో రాసుకో.

ఫెర్రిటిన్ తప్పకుండా చేయించు. రేసు తర్వాతో, జ్వరంలోనో చేయిస్తే అది ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది, లోటు దాగిపోతుంది. ఫెర్రిటిన్ తక్కువుండి, మెట్లెక్కితే ఆయాసం వస్తూ, నెలసరిలో రక్తం ఎక్కువ పోతుంటే మాత్రం ఆలస్యం చేయకు, డాక్టర్ దగ్గరికి వెళ్లు. ఆడపిల్లల్లో ఈ లోటు నిజంగానే ఎక్కువ.

ఎల్లుండి నీకు రెస్ట్ డే అన్నావుగా. ఆ మర్నాడు పొద్దున రక్తం ఇచ్చిరా. రిపోర్టు ఫోటోతోపాటు పాతవి రెండూ పంపు, పక్కపక్కన పెట్టి చూస్తాను.

మీ పెద్దనాన్న