సెన్సర్ రీడింగుల అప్లికేషన్‌కు ఏ జీయూఐ టూల్‌కిట్ తీసుకోవాలి?

ప్రశ్న: కంప్యూటర్ సైన్స్ చివరి సంవత్సరం చదువుతున్నాను. పైథాన్ బాగా వచ్చు, సి++ కొంత తెలుసు. ప్రయోగశాలలోని సెన్సర్ల నుంచి సీరియల్ పోర్టు ద్వారా రీడింగులు తీసుకుని, వాటిని పట్టికగానూ గ్రాఫుగానూ చూపించే డెస్క్‌టాప్ అప్లికేషన్‌ను ప్రాజెక్టుగా ఎంచుకున్నాను. అది విండోస్, లినక్స్, మ్యాక్ మూడింటిలోనూ నడవాలి. విండోలు, బటన్లు వంటివి తయారుచేసే జీయూఐ టూల్‌కిట్లలో ఎలక్ట్రాన్ నేర్చుకుంటే ఉద్యోగాలు ఎక్కువని, క్యూటీ పాతబడిందని మిత్రులు అంటున్నారు. టీకింటర్ అయితే తొందరగా అయిపోతుందని మరికొందరి సలహా. ఏది తీసుకోవాలి?

జవాబు: మీరు అడిగినవి నిజానికి రెండు ప్రశ్నలు. ఈ అప్లికేషన్‌కు ఏది తగినది అన్నది ఒకటి, ఉద్యోగానికి ఏది పనికొస్తుందన్నది మరొకటి. రెంటినీ కలిపి ఆలోచిస్తే ప్రాజెక్టు దెబ్బతింటుంది కనుక ముందు మొదటిదాని సంగతి చూద్దాం. మీ అవసరాలకు నేను సూచించేది క్యూటీయే. పైథాన్‌లో రాయడానికి దాని అధికారిక బైండింగ్ (క్యూటీని పైథాన్ నుంచి వాడుకునే అనుసంధానం) పైసైడ్ 6 ఉంది. క్యూటీ తొలిసారి 1995లో విడుదలైన మాట నిజమే కాని, ఆరో వెర్షన్ 2020 డిసెంబరులో వచ్చింది, అభివృద్ధి నేటికీ సాగుతోంది. కార్ల డ్యాష్‌బోర్డులు, వైద్య పరికరాలు, పారిశ్రామిక యంత్రాల తెరలు వంటి చోట్ల దాని వాడకం విస్తృతంగా ఉంది.

టూల్‌కిట్లు తెరను గీసే పద్ధతి తెలిస్తే ఎంపిక సగం తేలిపోతుంది. డబ్ల్యూఎక్స్‌విడ్జెట్స్ వీలైనంతవరకు ఆపరేటింగ్ సిస్టమ్ సొంత బటన్లనే, సొంత పెట్టెలనే వాడుకుంటుంది. క్యూటీ, ఫ్లటర్ తమ విడ్జెట్లను (బటన్లు, పెట్టెలు వంటి తెర భాగాలను) తామే గీసుకుంటాయి. ఎలక్ట్రాన్ మాత్రం క్రోమియం బ్రౌజర్‌ను, జావాస్క్రిప్ట్‌ను నడిపే నోడ్ జేఎస్‌ను ప్రతి అప్లికేషన్‌తోపాటు మోసుకొస్తుంది కనుక, ఖాళీ విండో ఒక్కటే చూపే ప్రోగ్రామ్ కూడా డిస్కులో వంద ఎంబీ దాటుతుంది. వీఎస్ కోడ్ వంటి మంచి అప్లికేషన్ ఎలక్ట్రాన్‌తోనే తయారైంది కనుక దాన్ని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. మీ విషయంలో ఇబ్బంది వేరు: రీడింగులను విశ్లేషించే మీ పైథాన్ కోడ్‌ను ఒక వేరే ప్రాసెస్‌గా నడిపి, దానికీ జావాస్క్రిప్ట్‌కూ మధ్య సమాచారం అటూ ఇటూ పంపే ఏర్పాటు మీరే చేసుకోవాలి. ఆ పనికి పట్టే సమయం మీ అసలు ప్రాజెక్టుకు ఏ విధంగానూ ఉపయోగపడదు.

టూల్‌కిట్‌ను దాని హోమ్‌పేజీలోని నమూనా బొమ్మలు చూసి కాకుండా, మీ అప్లికేషన్‌లో అన్నిటికంటే కష్టమైన తెరను చూసి నిర్ణయించాలి. మీకు అది లక్షల వరుసల పట్టిక. టీకింటర్‌లో పట్టిక చూపడానికి ట్రీవ్యూ ఉంది, కాని అన్ని వరుసలనూ అందులోకి ఎక్కించాల్సి వస్తుంది కనుక వరుసలు పెరిగేకొద్దీ అది బరువెక్కుతుంది. క్యూటీలోనూ క్యూటేబుల్‌విడ్జెట్ తీసుకుంటే ఇదే ఇబ్బంది, ఎందుకంటే ప్రతి గడికీ అందులో ఒక ఆబ్జెక్టు తయారవుతుంది. దాని బదులు క్యూటేబుల్‌వ్యూ వాడి, రీడింగులను మీ దగ్గరే ఒక అర్రేలో ఉంచుకుని, క్యూఅబ్‌స్ట్రాక్ట్‌టేబుల్‌మోడల్ నుంచి, ఆ విలువలను వ్యూకు అందించే ఒక మోడల్ క్లాసు రాయండి. అప్పుడు తెర మీద కనిపించే గడుల విలువలను మాత్రమే వ్యూ అడుగుతుంది కాబట్టి, వెనుక పది లక్షల వరుసలు ఉన్నా స్క్రోలింగ్ తడబడదు. డేటా వేరు, దాన్ని చూపడం వేరు అన్న ఈ విభజనను ఒక్కసారి చేత్తో రాసి చూసినవారికి మిగతా టూల్‌కిట్లు నేర్చుకోవడం చాలా తేలికవుతుంది.

రెండో కష్టం విండో బిగుసుకుపోవడం. దాదాపు అన్ని టూల్‌కిట్లలోనూ తెరను గీసేది, మౌస్ క్లిక్కులను అందుకునేది ప్రధాన థ్రెడ్‌లోని (ప్రోగ్రామ్ పనులు నడిచే ప్రధాన వరుసలోని) ఈవెంట్ లూప్ ఒక్కటే, అది వచ్చిన పనులను ఒకదాని తర్వాత ఒకటి అందుకుంటూ తిరుగుతుంది. బటన్ నొక్కగానే అదే థ్రెడ్‌లో పోర్టు నుంచి డేటా కోసం ఎదురుచూస్తూ కూర్చుంటే, ఆ డేటా వచ్చేవరకు విండో కదలదు. క్యూటీలోని క్యూసీరియల్‌పోర్ట్ అయితే డేటా వచ్చినప్పుడు తానే సిగ్నల్ (కబురు) ఇస్తుంది కనుక చదవడానికి మరో థ్రెడ్ అక్కరలేదు. భారీ లెక్కలను మాత్రం వర్కర్ థ్రెడ్‌కు అప్పగించి, ఫలితాన్ని సిగ్నల్ ద్వారానే ప్రధాన థ్రెడ్‌కు పంపండి, వర్కర్ నుంచి విడ్జెట్లను నేరుగా ఎన్నడూ తాకకండి. గ్రాఫును కూడా ప్రతి రీడింగుకూ గీయనక్కరలేదు, ఒక టైమర్ పెట్టి సెకనుకు ఇరవైసార్లు గీస్తే కంటికి చాలు.

లైసెన్సు విషయం విద్యార్థులు తరచుగా వదిలేస్తారు, దయచేసి మీరు వదలవద్దు. పైసైడ్ 6 ఎల్‌జీపీఎల్ అనే ఓపెన్ సోర్స్ లైసెన్సు కింద లభిస్తుంది కనుక, ఆ షరతులు పాటిస్తే మీ సొంత కోడ్‌ను బయటపెట్టకుండానే అప్లికేషన్‌ను పంచవచ్చు. దాదాపు ఇలాగే ఉండే మరో బైండింగ్ పైక్యూటీ, జీపీఎల్ (పంచేటప్పుడు మీ కోడ్‌ను కూడా బయటపెట్టాలని కోరే లైసెన్సు) లేదా వాణిజ్య లైసెన్సు కింద వస్తుంది. క్యూటీలో భాగమే అయినా గ్రాఫులు గీసే క్యూటీ చార్ట్స్‌కు ఎల్‌జీపీఎల్ వర్తించదు, దానికీ జీపీఎల్ లేదా వాణిజ్య లైసెన్సే. కాబట్టి గ్రాఫుల కోసం షరతులు తక్కువగా ఉండే ఎంఐటీ లైసెన్సు ఉన్న పైక్యూటీగ్రాఫ్ తీసుకోవడం మేలు.

ఇక ఉద్యోగం మాట. పరికరాలు, ఎంబెడెడ్ (పరికరాల లోపల నడిచే సాఫ్ట్‌వేర్) రంగం మీద మనసుంటే సి++లో క్యూటీని, దానిలో తెరలను వర్ణించే భాష క్యూఎంఎల్‌ను ముందుకు తీసుకువెళ్లండి. ఆ రంగంలో పైథాన్ ఒక్కటే సరిపోదు. వెబ్ ఉత్పత్తుల కంపెనీల వైపు వెళ్లాలనుకుంటే జావాస్క్రిప్ట్, దాని లైబ్రరీ రియాక్ట్ మీద పట్టు ముఖ్యం. ఆ పునాది ఉన్నవారికి ఎలక్ట్రాన్ నేర్చుకోవడం పెద్ద పని కాదు. ఇంటర్వ్యూలో టూల్‌కిట్ పేరు కంటే, మీ పట్టిక ఎందుకు వేగంగా నడుస్తోందో, విండో ఎందుకు బిగుసుకోదో మీరు వివరించగలగడమే ఎక్కువ బరువు తూగుతుందని నా అభిప్రాయం.

ఒక పని మాత్రం ఈ వారంలోనే చేయండి. ఖాళీ విండో ఒక్కటి చూపే ప్రోగ్రామ్ రాసి, పైఇన్‌స్టాలర్‌తో ప్యాకేజీ చేసి, పైథాన్ లేని కంప్యూటర్‌లో నడిపి చూడండి. విండోస్‌లో తయారుచేసిన ప్యాకేజీ మ్యాక్‌లో నడవదు, ఏ సిస్టమ్‌కు కావలసినదాన్ని ఆ సిస్టమ్‌లోనే తయారుచేయాలి. కాబట్టి మూడు కంప్యూటర్లు ఎక్కడ దొరుకుతాయో కోడ్ పెరగకముందే చూసిపెట్టుకోండి.