పాప బైపీసీ అంటోంది, మీరు ఎంపీసీ అంటున్నారు: నా సమాధానం

అన్నా, పదో తరగతి అయిన మీ పాప పశువుల డాక్టర్ అవుతానని బైపీసీ అడుగుతోంది, మీకేమో ఇంజినీరింగ్ మీద మనసు. నేనైతే పాప వైపే. వెటర్నరీకి బైపీసీ తప్పనిసరి, పైగా ఆ కాలేజీ మన కడప జిల్లాలోనే, ప్రొద్దుటూరులో ఉంది. ఒకసారి ఇద్దరూ వెళ్లి చూసి రండి.

లెక్కలు వదిలేస్తే దారులు మూసుకుపోతాయన్నదేగా మీ టెన్షన్? 2025-26 నుంచి ఇంటర్ బోర్డు ఎంబైపీసీకి వీలు కల్పించింది, లెక్కలు, జీవశాస్త్రం రెండూ చదవొచ్చు. కాకపోతే బరువెక్కువ. లెక్కలంటే జడుసుకునే పిల్లైతే దాని జోలికి పోవద్దు. బీఫార్మసీకి బైపీసీ వాళ్లూ వెళ్లొచ్చు, సీఏకి ఏ గ్రూపైనా పర్లేదు.

ఫీజు కట్టేముందు పక్కింటి పిల్లల దగ్గర ఫస్టియర్ పుస్తకాలు అడిగి తెచ్చి, జువాలజీ, ఫిజిక్స్‌లో ఒక్కో పాఠం చదవమనండి. బైపీసీలోనూ ఫిజిక్స్, కెమిస్ట్రీ ఉంటాయి (చాలామంది చేరాక గుర్తొచ్చి లబోదిబోమంటారు!). జువాలజీ పాఠంలో బొమ్మలు తనంతట తానే వేసుకుంటూ కూర్చుందంటే ఇంక ఆలోచించొద్దు. అడ్మిషన్ల కోసం ఇంటికొచ్చే కాలేజీ పీఆర్వోలను మాత్రం ఈలోపు గడప తొక్కనీయకండి.