కొండలెక్కడానికి ఎలాంటి జాకెట్?

ప్రశ్న: భువనగిరి కొండపై రాక్ క్లైంబింగ్ నేర్చుకుంటున్నాను. డిసెంబరులో ఉత్తరాఖండ్‌లోని కేదార్‌కంఠ ట్రెక్కుకు వెళ్లాలనుకుంటున్నాను. తేలికగా, మన్నికగా ఉండే సాఫ్ట్‌షెల్ జాకెట్‌ను ఎలా ఎంచుకోవాలి?
– ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: భువనగిరి ఎండలో మీకు జాకెట్‌తో పెద్దగా పని ఉండదు కాబట్టి, సుమారు 3,800 మీటర్ల ఎత్తున్న కేదార్‌కంఠనే దృష్టిలో పెట్టుకోండి. మంచులో ఎక్కుతున్నంతసేపూ ఒళ్లు చెమట పడుతుంది, ఆగిన కాసేపటికే ఆ తడి వణికిస్తుంది. అందుకే చలిగాలిని చాలావరకు అడ్డుకుంటూనే చెమట ఆవిరిని బయటికి పోనిచ్చే బట్ట కావాలి. సాఫ్ట్‌షెల్ అంటే అలాంటి మెత్తని, సాగే బట్టతో కుట్టిన జాకెట్. లోపల మెంబ్రేన్ అనే పలుచని పొర అతికించిన జాకెట్లు గాలిని బాగా ఆపుతాయి గానీ, ఎక్కేటప్పుడు ఉక్కగా ఉంటాయి. నా ఓటు ఆ పొర లేనివాటికే. నైలాన్‌లో కొద్దిగా ఎలాస్టేన్ అనే సాగే దారం కలిపి దగ్గరగా నేసిన బట్ట ఒంటితోపాటు సాగుతుంది, రాతి రాపిడినీ తట్టుకుంటుంది. బరువు 300–400 గ్రాములుంటే చాలు. మరీ పలుచనివి గ్రానైటుకు ఒరుసుకుని మోచేతుల దగ్గర త్వరగా చిరుగుతాయి.

దుకాణంలోనే జాకెట్ తొడుక్కుని రెండు చేతులూ పూర్తిగా పైకెత్తి చూడండి. అంచు నడుము దాటి పైకి లేచిందంటే, రాళ్లెక్కేటప్పుడు అది హార్నెస్ (తాడు తగిలించే నడుము పట్టీ) కిందనుంచి ఊడి వస్తుంది. జేబులు హార్నెస్ పట్టీకి పైన ఉండాలి, జాకెట్‌కున్న టోపీ హెల్మెట్ మీదికి రావాలి.

సాఫ్ట్‌షెల్ చిరుజల్లుకు ఆగుతుందే తప్ప గట్టి వానకు ఆగదు కనుక, పలుచని రెయిన్ జాకెట్, క్యాంపులో వేసుకోవడానికి డౌన్ జాకెట్ (మెత్తని పక్షి ఈకలు నింపినది) వేరుగా తీసుకెళ్లాల్సిందే. ఉతికేటప్పుడు ఫ్యాబ్రిక్ కండిషనర్ వాడకండి. నీటిని జార్చే పైపూత పనితనం దానివల్ల తగ్గుతుంది.