ఒకే తీగ మీద రెండు డొమైన్లు

ప్రశ్న: మా సంస్థలో ఇటీవల మరో చిన్న కంపెనీ విలీనమైంది. ఒకే భవనంలో, అవే స్విచ్‌ల మీద రెండు వేర్వేరు యాక్టివ్ డైరెక్టరీ డొమైన్లు (ఉద్యోగుల ఖాతాలను, కంప్యూటర్లను ఒకచోట నిర్వహించే విండోస్ ఏర్పాట్లు) నడుస్తున్నాయి. ఐపీ అడ్రసులిచ్చే డీహెచ్‌సీపీ సర్వర్ మాత్రం మాదొక్కటే. కొత్తగా వచ్చినవారి కంప్యూటర్లలో లాగిన్‌కు చాలాసేపు పడుతోంది, ఒక్కోసారి డొమైన్ అందుబాటులో లేదనే సందేశం వస్తోంది. పేర్లకు ఐపీ అడ్రసులు చెప్పే డీఎన్ఎస్ సర్వర్లలో వారిదాన్ని రెండోదిగా చేర్చినా ఫలితం లేదు. రెండు డొమైన్లు ఒకచోట ఇమడవా?
– ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: నిక్షేపంగా ఇముడుతాయి. పేర్లు వేరైనంతవరకు ఒకే నెట్‌వర్క్‌లో ఎన్ని డొమైన్లున్నా ఒకదాని జోలికి మరొకటి పోదు. మీ చిక్కు డీఎన్ఎస్‌లో ఉంది. విండోస్ కంప్యూటర్ తన డొమైన్ కంట్రోలర్ (లాగిన్‌లను సరిచూసే సర్వర్) ఎక్కడుందో తెలుసుకోవడానికి, ఏ సేవ ఏ సర్వర్‌లో ఉందో చెప్పే ఎస్ఆర్‌వీ రికార్డును డీఎన్ఎస్‌లో అడుగుతుంది. మీ డీహెచ్‌సీపీ వారి యంత్రాలకు కూడా మీ డీఎన్ఎస్ అడ్రసునే అందిస్తోంది కనుక, ఆ ప్రశ్న మీ సర్వర్‌కు చేరి, అలాంటి పేరే లేదన్న సమాధానంతో తిరిగి వస్తోంది.

రెండో డీఎన్ఎస్ ఎందుకు ఆదుకోలేదంటే, మొదటి సర్వర్ బదులే పలకనప్పుడు మాత్రమే కంప్యూటర్ రెండోదాన్ని ఆశ్రయిస్తుంది. ‘లేదు’ అన్నదీ దాని లెక్కలో పూర్తి సమాధానమే. (అనుభవజ్ఞులైన అడ్మిన్లు కూడా ఇక్కడ పొరబడటం చూశాను.) కాబట్టి ఆ రెండో అడ్రసును తీసేసి, మీ డీఎన్ఎస్ సర్వర్‌లో వారి డొమైన్ పేరుతో ఒక కండిషనల్ ఫార్వర్డర్ (ఆ పేరు గురించిన ప్రశ్నలను వేరే సర్వర్‌కు పంపే ఏర్పాటు) పెట్టి, వారి డీఎన్ఎస్ సర్వర్ ఐపీని అందులో ఇవ్వండి. ఆపైన వారి యంత్రం ఒకదానిలో డీఎన్ఎస్ కాష్‌ను ఖాళీ చేసి లాగిన్ అయి చూడండి, ఎందుకంటే పాత ‘లేదు’ కొంతసేపు అందులోనే నిలిచి ఉంటుంది.

ఇంతవరకు ట్రస్టు (ఒక డొమైన్ ఖాతాలను మరో డొమైన్ నమ్మే ఏర్పాటు) అవసరమే లేదు. ఒక డొమైన్ ఉద్యోగులు తమ ఖాతాతోనే రెండో డొమైన్ ఫైళ్లు తెరవాలనుకున్నప్పుడే దాని ప్రస్తావన వస్తుంది. అప్పుడు వారి వైపు నుంచి కూడా మీ డొమైన్‌కు ఫార్వర్డర్ కావాలి, రెండింటి నెట్‌బయాస్ పేర్లు (డొమైన్ల పొట్టి పేర్లు) ఒకటే కాకూడదు, గడియారాల మధ్య తేడా, లాగిన్‌ను ధ్రువీకరించే పద్ధతైన కెర్బరోస్ మామూలుగా అనుమతించే 5 నిమిషాలు దాటకూడదు. ఒకవేళ రెండు కంపెనీలూ తమ డొమైన్‌కు అచ్చంగా ఒకే పేరు పెట్టుకుని ఉంటే ఈ ఉపాయాలేవీ పారవు. వారి ఖాతాలను, యంత్రాలను వేరే పేరున్న డొమైన్‌లోకి మార్చుకోవలసిందే.