ఆరు గవ్వలతోనే పచ్చీసు ఆడొచ్చు

అన్నా, హన్మకొండ ఇంట్లో నాయనమ్మ పెట్టెలో ప్లస్ గుర్తు ఆకారంలో కుట్టిన గుడ్డ, ఆరు గవ్వలు దొరికాయన్నారు కదా. ఏడో గవ్వ పోయిందేమోనని టెన్షన్ వద్దు. కొందరు ఏడుతో ఆడతారు గానీ ఆరుతో ఆడటం పాత పద్ధతే. గుడ్డ మీద ప్లస్ గుర్తు ఒక్కో చేతికి మూడు వరుసలు, వరుసకు 8 గడులు ఉంటే అది పచ్చీసే, అంటే గవ్వలు వేసి కాయలు నడిపే పాత ఆట.

అసలు చిక్కంతా లెక్కలోనే. నోరు పైకి పడ్డ గవ్వలే లెక్క: రెండైతే 2, అలా ఐదు వరకు. ఒక్కటే పైకి పడితే 10, ఆరూ పడితే 6, అన్నీ బోర్లా పడితే 25. ఈ మూడింటికీ మళ్లీ వేయొచ్చు. ఇంటు గుర్తున్న 12 గడుల్లో కాయను చంపకూడదు.

ఎదురెదురు కూర్చున్నవాళ్లు జట్టు, మనిషికి నాలుగు కాయలు. గుడ్డ మధ్య నుంచి నడి వరుసలో దిగి, గుడ్డంతా చుట్టి, అదే వరుసలో మళ్లీ మధ్యకొస్తే కాయ పండినట్టు. ఇంగ్లండ్‌లో 1896లో పేటెంట్ చేసిన లూడో దీన్నుంచి వచ్చిందే, కాకపోతే గవ్వల మజా అందులో లేదు.

దసరాకు ఆడేటప్పుడు మాత్రం ఆ పాత గుడ్డ పరవకండి, మడతల దగ్గర చిరుగుతుంది. చాక్‌పీస్‌తో అరుగు మీద గీసుకోండి.