పిల్లలతో అడవికి: మందుల సంచిలో ఏముండాలి?

ప్రశ్న: డాక్టరు గారూ, దసరా సెలవుల్లో పిల్లలతో మారేడుమిల్లి వెళ్లి రెండు రాత్రులు ఉందామనుకుంటున్నాం. బాబుకి ఎనిమిదేళ్లు, పాపకి మూడేళ్లు. ఆన్‌లైన్‌లో ఒక ఫస్ట్ ఎయిడ్ బాక్స్ కొన్నాను గానీ, తెరిచి చూస్తే అందులో సగం వస్తువులు దేనికో అర్థం కాలేదు. ఇది సరిపోతుందా? ఇంకా ఏం పెట్టుకోవాలి?
– ఒక పాఠకురాలు, తణుకు

జవాబు: సరిపోదమ్మా. ఆ బాక్సులో ముందుగా ఒక కాగితం పెట్టండి. ఈ వారమే పిల్లలిద్దర్నీ తూకం వేయించి, మీ పిల్లల డాక్టరు దగ్గరికి వెళ్లి, జ్వరం మందు ఎవరికి ఎన్ని ఎం.ఎల్., ఎన్ని గంటలకోసారి వేయాలో రాయించుకోండి. ఎందుకింత గట్టిగా చెప్తున్నానంటే, నేను ఏజెన్సీలో పనిచేసేటప్పుడు ఒక రాత్రి మీలాగే విహారానికి వచ్చిన ఒక కుటుంబం మూడేళ్ల పాపని తీసుకొచ్చారు. ఇంట్లో వాడే పారాసెటమాల్ సీసా మర్చిపోయారట, దారిలో ఇంకోటి కొన్నారు. ఇంట్లో సీసా 5 ఎం.ఎల్.కి 120 మిల్లీగ్రాములది, దారిలో కొన్నది 5 ఎం.ఎల్.కి 250ది. మూత మాత్రం ఒకేలా ఉంది, అలవాటు కొద్దీ అంతే కొలిచి పొద్దుట్నుంచి మూడుసార్లు పోశారు. అంటే ప్రతిసారీ రెండింతలు. అదృష్టవశాత్తూ పాపకేమీ కాలేదు, కానీ తల్లి ఆ మూత గుప్పిట్లో పట్టుకుని తెల్లారేదాకా మంచం పక్కనే కూర్చుంది. ఒక్కోసారికి కిలో బరువుకి 10 నుంచి 15 మిల్లీగ్రాములు, రోజుకి నాలుగుసార్లకి మించకూడదు, ఇదీ లెక్క. మీరు రోజూ వాడే సీసానే తీసుకెళ్లండి, మూతతో కాకుండా సూది లేని చిన్న సిరంజితో కొలవండి. పిల్లలకి ఆస్పిరిన్ మాత్రం వద్దే వద్దు.

తర్వాత ఓఆర్‌ఎస్. పెద్ద ప్యాకెట్ అయితే లీటరు నీళ్లలో మొత్తం ఒకేసారి కలపాలి, గ్లాసులో కొంచెం కొంచెం కలిపితే ఉప్పు పాళ్లు తప్పుతాయి. కలిపింది 24 గంటలు దాటితే పారబోయండి. కార్లో కూర్చుని లీటరు కొలవడం కష్టం కాబట్టి 200 ఎం.ఎల్.కి సరిపోయే చిన్న ప్యాకెట్లు ఓ ఆరేడు కొనండి. రంపచోడవరం దాటాక ఘాట్ రోడ్డు మలుపులకి చాలామంది పిల్లలు వాంతి చేసుకుంటారు, దానికి మందు కావాలంటే అదీ డాక్టరునే అడిగి రాయించుకోండి, కవర్లు మాత్రం చేతికందేలా ఉంచుకోండి.

గాయాల సంగతికొస్తే పెద్ద హంగామా అక్కర్లేదు. గాయం మీద పెట్టే పల్చటి గాజ్ గుడ్డ, బ్యాండేజి చుట్ట, ఒక క్రేప్ బ్యాండేజి, అంటించే టేపు, బ్యాండ్-ఎయిడ్లు, గాయానికి చీము పట్టకుండా రాసే పొవిడోన్ అయొడిన్, ముళ్లు తీయడానికి సన్న మొనల ట్వీజర్లు, కత్తెర, డిజిటల్ థర్మామీటర్, దోమల క్రీము, ఒక పాత నూలు చున్నీ. మోచేయి మీద పడి ఎముక విరిగిందని అనుమానం వస్తే చెయ్యి మెడకి వేలాడదీయడానికి ఆ చున్నీని మించింది లేదు. జలపాతం దగ్గర రాళ్ల మీద పడి చర్మం చీరుకుపోతే మందు కంటే ముందు తాగే నీళ్లు ధారగా పోసి, ఇసుకంతా పోయేదాకా కడగండి. క్యాంప్‌ఫైర్ దగ్గర చెయ్యి కాలితే చల్లటి నీళ్ల కింద 20 నిమిషాలు పెట్టండి, టూత్‌పేస్ట్, ఇంకు, నెయ్యి ఏవీ రాయొద్దు.

వానలకి తడిసిన ఆకుల్లో జలగలుంటాయి. పాప కాలివేళ్ల సందులో కనిపిస్తే కెవ్వున లాగేయకండి, గోరుతో అంచు దగ్గర పక్కకి తోస్తే వదిలేస్తుంది. ఆ తర్వాత కాసేపు రక్తం కారుతూనే ఉంటుంది, టెన్షన్ పడకుండా గుడ్డ పెట్టి ఒత్తి పట్టుకోండి.

ఈ సంచి డిక్కీలో సూట్‌కేసుల కింద పెట్టొద్దు, నడిచేటప్పుడు మీ భుజానే ఉండాలి.

ప్రశ్న: మేం పిల్లలతో ఎగువ అహోబిలం నుంచి జ్వాలా నరసింహస్వామి గుడి దాకా నడుస్తాం. పాము భయం ఉంటుందని, కట్టడానికి తాడు, కొత్త బ్లేడు పెట్టుకోమని నాన్నగారు అంటున్నారు. పెట్టుకోవాలా?
– ఒక పాఠకుడు, నంద్యాల

జవాబు: నాన్నగారికి నా మాటగా చెప్పండి, ఆ రెండూ ఇంట్లోనే ఉంచేయాలి. బిగించి కడితే పిల్లల కాలికి రక్తం ఆగి కాలే పోవచ్చు. కోస్తే, ముఖ్యంగా రక్తపింజర కరిచినప్పుడు, ఆ గాటు నుంచి రక్తం ఆగదు. నోటితో పీల్చినా విషం రాదు. పిల్లవాణ్ణి నడవనివ్వకుండా పడుకోబెట్టి, కరిచిన కాలికి కర్ర ఆసరాగా పెట్టి మీ క్రేప్ బ్యాండేజితో కదలకుండా మాత్రమే చుట్టి (బిగించకుండా), ఎత్తుకుని కిందికి దించి 108కి ఫోన్ చేయాలి. పాముని వెతికి చంపే పనిలో ఒక్క నిమిషం కూడా పోగొట్టుకోకండి, మన దగ్గరిచ్చే విరుగుడు మందు నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర నాలుగింటికీ పనిచేసేదే. బయల్దేరే ముందే ఆళ్లగడ్డలోనో, నంద్యాలలోనో ఆ మందు ఏ ఆసుపత్రిలో ఉందో కనుక్కుని నంబరు కాగితం మీద రాసుకోండి, కొండల్లో సిగ్నల్ ఉన్నచోట నిలబడి వెతుక్కునే టైముండదు. రాత్రి బస చేస్తే నేల మీద పడుకోబెట్టొద్దు, కట్లపాము కాటు చాలాసార్లు నొప్పే తెలియదు.

ఎర్ర తేలు కుడితే కూడా పిల్లల విషయంలో తేలిగ్గా తీసుకోకండి. ఒళ్లంతా చెమట, చేతులు చల్లబడటం, వాంతులు కనిపిస్తే గుండెకి దెబ్బ తగులుతోందని గుర్తు, వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. మహారాష్ట్రలోని మహాడ్‌లో డాక్టర్ హిమ్మత్‌రావ్ బావస్కర్ ప్రాజోసిన్ అనే మామూలు బీపీ మాత్రతో దీనికి వైద్యం చేసి ఎంతోమంది ప్రాణాలు కాపాడారు. అది ఆసుపత్రిలోనే ఇవ్వాలి, మీరు కొని పెట్టుకోవద్దు.

ఇక దారిలో కోతులు. ప్రసాదం కవరు పిల్లల చేతికివ్వకండి. గీరినా కరిచినా సబ్బు, నీళ్లతో 15 నిమిషాలు కడిగి, అదే రోజు రేబిస్ టీకా కోసం వెళ్లండి. అందుకే ఒక సబ్బుబిళ్ల కూడా సంచిలో పడేయండి.

ప్రశ్న: అరకు నుంచి వచ్చిన పది రోజులకి బాబుకి చలిజ్వరం వచ్చింది. ట్రిప్పుకీ దీనికీ సంబంధం ఉంటుందా?
– ఒక పాఠకురాలు, విజయనగరం

జవాబు: ఉండొచ్చు. మలేరియా దోమ కుట్టిన వారం నుంచి నెల లోపు ఎప్పుడైనా బయటపడొచ్చు, కొన్నిసార్లు ఇంకా ఆలస్యంగా కూడా. ఈ ఉత్తరం అచ్చయ్యేదాకా ఆగకూడదని మీకు ఇప్పటికే విడిగా జవాబు పంపాను: ఈ రోజే రక్తపరీక్ష చేయించండి, డాక్టరు అడగకపోయినా ఏజెన్సీకి వెళ్లొచ్చామని మీరే చెప్పండి.